ధైర్యపు పలక

నేను ఒక మడత పలకను. అల్యూమినియం ఒళ్లు, అంచుల్లో నల్ల రబ్బరు. ఒసాకా శివార్లలోని ఒక చిన్న రైల్వే స్టేషన్‌లో, ప్లాట్‌ఫారానికీ రైలుకీ మధ్యనున్న సందు మీద పరుచుకోవడం నా ఉద్యోగం. నా మీదుగా చక్రాల కుర్చీ దాటిపోగానే నన్ను మడిచి గోడకు ఆనిస్తారు. ఇంత చిన్న పనికి అంత పెద్ద తంతు ఉంటుందని నేను పుట్టిన ఫ్యాక్టరీలో ఎవరూ చెప్పలేదు.

నన్ను ఎక్కువగా వాడేది నుమాతా మిత్సుయె సాన్. సాన్ అంటే గారు అని. యాభై దాటిన మనిషి, మాట కొంచెం పదును. ఆవిడ రాగానే తెల్ల చేతితొడుగుల ఉద్యోగి నన్ను చంకన పెట్టుకుని ముందు నడుస్తాడు. చక్రాల కుర్చీ ప్రయాణికులను ఎక్కిస్తున్నాం, దయచేసి వేచి ఉండండి అని మైకులో చాటింపు వేస్తారు. అంతే, తలలన్నీ ఇటు తిరుగుతాయి. తిరిగినట్టు కనబడకూడదని మళ్లీ ఫోన్లలోకి వంగుతాయి. ఎవరో ఒక పెద్దమనిషి మాత్రం వదలడు. "గంబత్తే" అంటాడు. పట్టు వదలకండి, గట్టిగా ప్రయత్నించండి అని దానర్థం. రైలెక్కడానికి ఇంకా ఏం ప్రయత్నించాలో ఆవిడకు ఈనాటికీ తెలియదు. పళ్లు బిగించి నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆవిడ కోరేది ఒక్కటే, అందరిలాగే ఎవరి కంటా పడకుండా రైలెక్కడం.

ఒక ఆదివారం టీవీవాళ్లు దిగారు. వికలాంగుల ధైర్యం మీద కార్యక్రమమట. అది ప్రసారమైతే ప్లాట్‌ఫారం అంచు పొడిగించి ఆ సందు లేకుండా చేయిస్తానని స్టేషన్ మాస్టర్ ఇనాగాకి మాటిచ్చాడు. అప్పుడు నాతో పనీ ఉండదు, చాటింపూ ఉండదు. ఆ ఆశతోనే ఆవిడ ఒప్పుకుంది.

"ఆస్పత్రికాండీ?" దర్శకుడు గొంతు నిండా జాలి నింపుకుని అడిగాడు.

"కాదండీ. సైకిల్ పందేలకు. నేను డబ్బు కాసే పోటీదారు ఇవాళ గెలిచేలా ఉన్నాడు."

దర్శకుడి మొహం మాడిపోయింది. వచ్చిన ప్రతి రైలుకీ ఆవిడను నా మీదుగా ఎక్కించాడు, దించాడు. ఈసారి కాస్త కష్టంగా ఎక్కండి అని బతిమాలాడు. ఈలోగా పందేలు అయిపోయాయి.

కార్యక్రమాన్ని నేను ఉద్యోగుల గదిలో గోడకు ఆనుకుని చూశాను. పందేల మాట ఎగిరిపోయింది. 'నేడూ ఆమె ఆస్పత్రి దారిలో...' అని తెర మీద పెద్ద అక్షరాలు, వెనక పియానో. ఇనాగాకి చేతిరుమాలు తడిసిపోయింది. దేశమంతా ఏడ్చిందట. ఏడ్చినవాళ్లు స్టేషన్‌కు వచ్చి నాతో ఫోటోలు కూడా దిగారు.

సందు అలాగే ఉంది. నన్ను మాత్రం తుడిచి, మెరిపించి, టికెట్ గేటు పక్కన అద్దాల పెట్టెలో పెట్టారు. కింద 'ధైర్యపు పలక' అని చెక్కించారు. ఇక నా మీద చక్రం పడటం అగౌరవమట.

మర్నాడు నుమాతా సాన్ వచ్చి పలక వేయమంది. పక్క స్టేషన్ నుంచి తెప్పిస్తున్నాం, కాసేపు ఆగండి అని ఉద్యోగి నడుం వంచి క్షమాపణ చెప్పాడు. రైలు వెళ్లిపోయింది. ఆవిడ కుర్చీని నా వైపు తిప్పింది. ఎవరో మా ఇద్దరినీ కలిపి ఫోటో తీశారు. నాకు సిగ్గేసింది. అద్దం పగలగొట్టుకుని వెళ్లి ఆ సందు మీద పడిపోవాలనిపించింది. ఆవిడ పెట్టె దగ్గరకు వచ్చి, పళ్లు బిగించి నవ్వింది.

"గంబత్తే" అంది నాతో.