ఏదన్నా అయితే నన్నడగండి

జగ్గయ్యపేటలో పురుగుమందుల కొట్టు నడిపే సతీష్‌బాబు జిల్లాలోకెల్లా ఎక్కువ సరుకు అమ్మాడని, కంపెనీ వాళ్లు అతన్ని విశాఖ టూరుకి పంపారు. అందులో స్కూబా డైవింగ్ కూడా ఉంది. పడవలో కూర్చోబెట్టి వీపుకి సిలిండరు కట్టి, సంతకానికి ఓ కాగితం ఇచ్చారు. పురుగుమందు డబ్బా మీది అక్షరం ఏనాడూ చదవని మనిషి, ఆ కాగితాన్ని మాత్రం రెండుసార్లు చదివాడు. ఏం జరిగినా బాధ్యత తనదేనట.

"ఇక్కడ సొరచేపలుంటాయా అండీ?" అని డైవింగ్ చేయించే కోచ్‌ని అడిగాడు.

"ఎప్పుడన్నా వస్తాయి సార్. మనుషుల జోలికి రావు."

"వస్తేనో?"

కోచ్ అతని భుజం తట్టి నవ్వాడు. "నేను చెప్తున్నాగా, ధైర్యంగా దిగండి. ఏదన్నా అయితే నన్నడగండి."

సతీష్‌బాబు తన భుజం మీది ఆ చేతివైపు చూశాడు. నందిగామ నుంచి గరికపాడు దాకా మిరప రైతులందరికీ ఇరవై ఏళ్లుగా తను చెబుతున్న మాట అదే, ఆ భుజం తట్టడంతో సహా. పంట పోయాక నిజంగానే అడగడానికొచ్చిన వాళ్లకి చెప్పిన మాటా గుర్తొచ్చింది: "మందు కలపడంలో మీరే ఎక్కడో తేడా చేశారండి."

"ముందు ఈ సిలిండరు విప్పండి బాబూ," అన్నాడు సతీష్‌బాబు.