ప్రభుదాసు తెల్లవారుజాము

ఆదోని పేట చర్చిలో పొద్దున గంట కొట్టేది ప్రభుదాసు. ఒకరు లేపాల్సిన పని లేకుండా ఇన్నేళ్ళూ వేళకు లేచాడు. దేవుడే తట్టి లేపుతాడని అతని నమ్మకం. పోయినేడు తను పనిచేసే పత్తి జిన్నింగు మిల్లులో ఆవిరి గొట్టం పగిలి రెండు కళ్ళూ పోయినప్పుడు కూడా, దేవుడున్నాడులే అని గుండె దిటవు చేసుకున్నాడు.

ఆ తర్వాతే అంతా తారుమారైంది. కొన్నాళ్ళు ఎండెక్కాక లేచేవాడు, కొన్నాళ్ళు మిట్టమధ్యాహ్నం. చివరికి అర్ధరాత్రి లేచి, తెల్లారిందనుకుని గంట వాయించాడు. తాగాడన్నారు. మనుషుల నోటికేం, ఏమైనా అంటారు.

"దేవుడు నా చేయి ఇడిసినాడు," అన్నాడు భార్య సిద్దమ్మతో.

పక్కవీధి లెక్కల మాస్టరు కృష్ణమూర్తి నిద్ర చెడి పోట్లాటకు వచ్చాడు. వచ్చినవాడు సంగతి విని ఊరుకోలేకపోయాడు. కొన్ని వారాలు ప్రభుదాసు లేచే వేళలు సిద్దమ్మను అడిగి తెలుసుకున్నాడు. ఒకనాటి సాయంత్రం ఆ ఇంటి రోకలికే రెండు నూలుదారాలు కట్టి ప్రభుదాసు చేతికిచ్చాడు.

"రోకలి సుట్టూ ఒక తిరుగుడు ఒక పగలూ రాత్రీ, కిందికి పోయేకొద్దీ దినాలు. నిలువు దారం పొద్దుపొడుపు. చుట్టుకుంటా పోయేది నువ్వు లేసే వేళ. మనిషి లోపల ఒక గడియారం ఉంటాదప్పా. దినామూ రవ్వంత ఎనకబడతాది. కంట్లో పడే ఎల్తురు దాన్ని సరిచేస్తాది. నీకు ఆ ఎల్తురు లేదు. నీ తప్పేం లేదు."

ప్రభుదాసు వేళ్ళు దారం వెంట తిరిగి తిరిగి ఒకచోట ఆగాయి. "ఈడ రెండూ కలిసినాయే సామీ?"

"వచ్చే ఆదివారం. ఆ పొద్దు వేళకే లేస్తావు."

ప్రభుదాసు రోకలి పక్కన పెట్టాడు. "అయితే ఇన్నేండ్లు నన్ను లేపింది ఎల్తురేనా? దేవుడు గాదా?"

మాస్టరు తలవంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా ప్రభుదాసు ఒకటే ప్రార్థన చేశాడు, ఆ లెక్క తప్పిపోవాలని. తప్పితే దేవుడు మిగులుతాడు.

ఆదివారం మెలకువ వచ్చింది. కోళ్ళు కూస్తున్నాయి. లెక్క తప్పలేదు. సిద్దమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళి గంట కొట్టాడు. వేళకు మోగిన గంట విని జనం సంతోషంగా వచ్చారు. అతను మాత్రం తాడు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఏడుపు తగ్గాక ఆ తాడు భార్య చేతిలో పెట్టాడు.

"రేపట్నుంచి నా వేళ మళ్ళీ ఎనకబడతాది, నువ్వే కొట్టు. కొట్టేముందు నన్ను లేపు సిద్దమ్మా. ఇన్నేండ్లు ఎవురో తట్టి లేపుతాండారనుకొనే బతికినా. ఇంగ నువ్వు లేపు."