ఆరు గంటల ఫోటో

మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన గొంతుక్కూర్చుని జయకుమార్ అప్పటికి పదకొండు ఫోటోలు తీశాడు. ఎదురుగా కరెంటు తీగ, తీగ మీద లకుముకి పిట్ట, దాని వెనక కోసేసిన వరిమడి. ఏడాదిగా ఇదే తీగ, ఇదే మడి. పిట్ట కూడా అదేనని అతని నమ్మకం. ఊపిరి ఆవిరికి కళ్ళజోడు మసకబారుతోందని మాస్కును గడ్డం కిందికి లాక్కున్నాడు. సొంత మిద్దె మీద ఒంటరిగా ఉన్నవాడికి మాస్కెందుకని భార్య విజయకుమారి నవ్వుతుంది. నిన్న పక్క మిద్దె మీద ఎవరో దగ్గారు. అప్పటి నుంచీ అతను దాన్ని పూర్తిగా తీయడం లేదు.

నలభై ఆరేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కొంచెం ముందుకు వంగి ఉంటాడు. కోవూరులో ఒక రైసు మిల్లు వేబ్రిడ్జి గదిలో పంతొమ్మిదేళ్ళుగా పని. వడ్ల లారీ కాటా మీదికి ఎక్కగానే తూకం చూసి చీటీ ఇవ్వడం అతని ఉద్యోగం. ఆ గదికి ఒకటే కిటికీ, అందులోంచి లారీ చక్రాలు తప్ప మరేమీ కనపడవు. అలాంటి గదిలో పంతొమ్మిదేళ్ళు కూర్చున్నవాడికి కెమెరా పిచ్చి పట్టిందంటే వింతేమీ లేదు.

పదకొండింట్లో ఒకటి ఎంచి, ఫోన్లోకి దింపి, గ్రూపులో పెట్టేసరికి సరిగ్గా ఆరయింది. ఇక ఆ తర్వాత అతనికున్న పని ఒకటే, జడ్సన్ సారు ఫోటో కోసం ఎదురుచూడటం.

గ్రూపు పేరు 'ఆదివారం కెమెరా'. మొత్తం ఏడుగురు. అందులో ఒక్కరికీ ఫోటోలు బతుకుతెరువు కావు. ఒకరిది నెల్లూరులో మందుల షాపు, ఒకరు బ్యాంకులో గుమాస్తా, ఒకరు బిట్రగుంటలో రైల్వే ఉద్యోగి. అందరిలోకీ పెద్దవాడు జడ్సన్. మైపాడులో సముద్రానికి ఎదురుగా ఇల్లు, బళ్ళో డ్రాయింగు మాస్టారు. కరోనాకు ముందు వీళ్ళంతా ప్రతి ఆదివారం తెల్లవారక ముందే బండ్లేసుకుని మైపాడుకో ఇసకపల్లికో పోయేవారు. ఇసకలో బోర్లా పడుకుని, ఒక పీత బొరియలోంచి బయటికి రావడానికి గంటసేపు కాచుకునేవారు. ఎండెక్కాక దోసెల దగ్గర చేరి ఒకరి ఫోటోను ఒకరు చీల్చి చెండాడేవారు. గీత వంకరుందనేవారు, ఆకాశం ఎక్కువైందనేవారు. మనుషులను తీయకూడదన్నది వాళ్ళ నియమం. తీస్తే పెళ్ళి ఫోటోలవాళ్ళమైపోతామని గర్వం.

లాక్‌డౌన్ వచ్చి సముద్రానికి తాళం పడింది. ఇళ్ళల్లో కూర్చున్న ఏడుగురికీ చేతులు దురదపెట్టాయి. జడ్సనే దారి చూపించాడు. రోజూ ఉదయం ఆరింటికి, ఎవరి మిద్దె మీంచి వాళ్ళు, ఒక్క ఫోటో. అదీ ఆ పూట తీసిందే కావాలి, పాతది పెట్టకూడదు. మొదట్లో సరదాగానే ఉండింది. పెద్ద పెద్ద లెన్సులు అటకెక్కాయి. పావురం గుడ్డు, ఆరేసిన లుంగీ, పక్కింటివాళ్ళ మిరపకాయలు, అన్నీ ఫోటోలయ్యాయి. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా విజయకుమారి చేతులు ఎలా ఉంటాయో జయకుమార్ నిదానంగా చూసింది అప్పుడే. ఆమె వడియాలు పెడుతుంటే తీసి, భయపడుతూనే గ్రూపులో పెట్టాడు. మనుషులను తీయకూడదన్న నియమం ఈ రోజుతో రద్దు అని జడ్సన్ రాశాడు.

మరుసటేడు ఎండాకాలానికి అది సరదా కాకుండా పోయింది. ఏప్రిల్లో మందుల షాపు క్రాంతి కుమార్ ఫోటో రెండు రోజులు రాలేదు. ఈ రోజుల్లో ఆ షాపులో తీరికెక్కడుంటుందిలే అనుకున్నారు. మూడో రోజు అతని బావమరిది ఫోన్ చేసి చెప్పాడు. ఇక అక్కడి నుంచి ఆరు గంటల ఫోటో బళ్ళో హాజరులాగా తయారైంది. గీతలూ ఆకాశాలూ ఎవరికీ పట్టలేదు. వచ్చిందా, రాలేదా, అంతే. రాకపోతే మిగతావాళ్ళు వెంటనే ఫోన్ చేసేవారు.

అందరిలో జయకుమార్ మరీ కుంగిపోయాడు. ఆ రెండు రోజుల్లో తను ఒక్క ఫోన్ కూడా చేయలేదే అని వారం పాటు అన్నం ముట్టలేదు. అప్పుడు జడ్సన్ రోజూ ఫోన్ చేసి చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. ఎవరి ఫోటో వచ్చినా రాకపోయినా తన ఫోటో మాత్రం తప్పకుండా వస్తుందని, అది చూసుకుని ఆ రోజు పనిలోకి పొమ్మని. పదేళ్ళ కిందట మైపాడు రేవులో కొత్త కెమెరాతో తడబడుతున్న జయకుమార్‌ను చూసి, కెమెరా దించి ముందు కళ్ళతో చూడవయ్యా అన్నవాడు ఆయనే. తోడబుట్టినవాళ్ళు లేని జయకుమార్‌కు అన్నయ్యంటే ఆయనే.

ఈ తొమ్మిది రోజులుగా మాత్రం ఫోన్లు లేవు. మైపాడులో సిగ్నలు సరిగా లేదని, ఫోటో వస్తోంది గదా అది చాలదా అని జడ్సన్ మెసేజి పెట్టాడు. చాలనుకున్నాడు జయకుమార్.

ఆరు దాటి రెండు నిమిషాలకు ఫోటో వచ్చింది. గుండె కుదుటపడింది. ఇన్ని రోజులూ సారు పెట్టినవన్నీ ఒకే మాదిరి. ఖాళీ ఒడ్డు, తుఫాను షెల్టరు, ఇసకలోకి లాగిపెట్టిన పడవలు. ఇవాళ్టిది వేరుగా ఉంది. ఎర్రటి పొద్దు కింద, నీళ్ళ మీద, ఐదు పడవలు ఒకదాని వెనక ఒకటి ఒడ్డుకొస్తున్నాయి. ఐదూ ఒకే వాలులో ఉన్నాయి. జయకుమార్‌కు చాలా నెలల తర్వాత పాత ఆదివారాల హుషారు వచ్చింది. "అన్నా, పడవల వరుస అద్భుతం. ఇన్నాళ్ళకు మళ్ళీ మీ చెయ్యి కనపడింది" అని రాశాడు. అటు నుంచి జవాబు రాలేదు. సారు పొగడ్తలకు జవాబివ్వడు గదా అనుకుని మిల్లుకు బయల్దేరాడు.

రబీ వడ్లు వస్తున్న రోజులు. పన్నెండు దాటితే ఊరంతా కర్ఫ్యూ, మిల్లువాళ్ళకు మాత్రం పాసులున్నాయి. పొద్దుటి నుంచీ లారీలు తెగలేదు. పన్నెండున్నరకు కాస్త తెరిపిస్తే జయకుమార్ వేపచెట్టు నీడన క్యారియరు విప్పాడు. కొంచెం ఎడంగా కామాక్షయ్య కూర్చున్నాడు. మైపాడు పట్టపుపాలెం మనిషి, సముద్రం మీద బతికేవాడు. ఈ రెండు నెలలూ మిల్లులో మూటలు దించడానికి వస్తాడు. మీ ఊరి సముద్రమే చూడమని జయకుమార్ ఫోన్ అతని ముందు పెట్టాడు. కామాక్షయ్య చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని, తాకకుండానే వంగి చూశాడు.

"ఇదెప్పటిదన్నా?"

"ఈ పొద్దున తీసిందే. మా సారు పంపినాడు."

"ఈ పొద్దుటిది యాడవుతుంది? వేట నిలిపేసినారు గదా. జూన్ నడిమి దాకా ఒక్క పడవ కూడా నీళ్ళలోకి పోదు. అందుకే గదా నేను ఈడ మూటలు మోస్తా ఉండేది."

జయకుమార్ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఈ రెండు నెలలు వేట ఆపుతారని నెల్లూరు గాలి పీల్చినవాడికెవడికి తెలియదు? ఇదే రోజుల్లో మైపాడు పోయి, ఇసకలో ఊరికే పడున్న ఆ పడవలను అతనే వందల ఫోటోలు తీశాడు. పొద్దున వరుస చూశాడు, ఎరుపు చూశాడు. పడవలను మాత్రం చూడలేదు. మరి పాత ఫోటో పెట్టకూడదని నియమం పెట్టిన మనిషి పాత ఫోటో ఎందుకు పెట్టినట్టు?

జడ్సన్ నంబరుకు చేశాడు. ఎవరూ ఎత్తలేదు. రెండోసారి చేస్తే ఆయన కూతురు డెబోరా ఎత్తింది. బాబాయ్ అని పిలిచింది. నెల్లూరు పెద్దాస్పత్రి గేటు దగ్గర ఉన్నానని చెప్పింది.

క్యారియరు అక్కడే వదిలేసి స్కూటరెక్కాడు. పెన్న వంతెన మీద పోలీసులు ఆపితే పాసు చూపించాడు. వంతెన కింద ఏరంతా ఇసక. అతను ఏ రోజూ ఆ ఇసకను చూడకుండా వంతెన దాటలేదు. ఆ రోజు దాటాడు.

ఆస్పత్రి గేటు పక్కన షామియానా వేసి ఉంది. దాని కింద సిమెంటు బెంచీ మీద డెబోరా ఒక్కతే కూర్చుని ఉంది. తల్లి ఇంట్లో జ్వరంతో ఉందట. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, తొమ్మిది రోజులుగా ఆ బెంచీ మీదే ఉన్నట్టుంది వాలకం. జయకుమార్ అలవాటు కొద్దీ నాలుగడుగుల దూరంలో నిలబడి, సారుకు ఎలా ఉందని అడిగాడు.

"పదకొండున్నరకు పోయినాడు బాబాయ్," అంది.

తర్వాత అంతా ఆ పిల్లే నిదానంగా చెప్పుకొచ్చింది. పరీక్షలో కరోనా అని తేలిన సాయంత్రం జడ్సన్ మందుల చీటీ పక్కన పెట్టి పాత ఫోటోలు ముందేసుకుని కూర్చున్నాడు. నిరుడు ఇదే మే నెలలో మిద్దె మీంచి తీసినవాటిలో ముప్పై ఎంచాడు. అదే ఒడ్డు, అదే ఎండ, ఊరికే పడున్న అవే పడవలు. నియమం తప్పుతున్నానని నవ్వాడట కూడా. వాటిని వరుసగా ఫోన్లో పేర్చుకుని, ఆస్పత్రి మంచం మీంచి ఐదు రోజులు తనే పంపాడు. నోటికి ఆక్సిజన్ మాస్కు వేశాక ఫోన్ నర్సుతో కూతురికి పంపి, రోజూ ఆరింటికి ఒకటి పెట్టమన్నాడు. ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాడు. క్రాంతి పోయినప్పుడే జయకుమార్ సగమైపోయాడని, తను ఇంటికొచ్చాక నిదానంగా తనే చెప్తానని అన్నాడు.

మనిషిని చేతికివ్వరని, మున్సిపాలిటీ వాళ్ళే సమాధుల తోటకు తీసుకుపోతారని, పాస్టరు గారూ తానూ దూరంగా నిలబడవచ్చని చెప్పింది డెబోరా. తర్వాత తల దించుకుని, ఒక మాట చెప్పాలంది.

"నిన్ననే డాక్టరు చెప్పినాడు, కష్టమని. నాకు యాడలేని భయం పట్టుకుంది. నాన్నకు మాటిచ్చినా గదా, నోటితో చెప్పలేను. అందుకే ఈ పొద్దున వరుసలో ఉండేది పెట్టలేదు. నీళ్ళ మీద పడవలుండేది ఎతికి పెట్టినా. మీరు చూస్తానే పట్టుకుంటారనుకున్నా బాబాయ్. పొద్దున నాన్నకు తెలివి ఉండింది. ఎనిమిదింటికి నర్సు వీడియోలో చూపించింది గూడా."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించింది అతనికి. ఆరూ మూడు నిమిషాలకు ఆ పిల్లకు చేరింది తన మెచ్చుకోలు. భయంతో పిలిచిన పిలుపుకు అద్భుతం అని జవాబిచ్చాడు. ఎనిమిదింటికి ఇక్కడుంటే అన్నయ్యను ఆ చిన్న తెర మీదైనా చూసి ఉండేవాడు, ఈ పిల్ల ఒంటరిగా కూర్చుని ఉండేది కాదు. జయకుమార్ గేటు ఊచ పట్టుకుని ఏడ్చాడు. మాస్కు తడిసి ముక్కుకు అతుక్కుని ఊపిరాడకపోయినా దాన్ని తీయలేదు. డెబోరాయే లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. ఏడాదికి పైగా ఇంటివాళ్ళు కాక వేరొకరు అతన్ని తాకింది అదే మొదలు.

లోపలి నుంచి ఎవరో జడ్సన్ తాలూకు అని కేక వేశారు. సంతకం పెట్టాలట. తను లోపలికి పోయి వస్తానని, పాస్టరు గారు చేస్తే మాట్లాడమని డెబోరా తండ్రి ఫోన్ జయకుమార్ చేతికిచ్చింది. ఫోటోల వరుస ఇంకా తెరిచే ఉంది. పంపినవి పోను, మొదటిది ఇవాళ డెబోరా పెట్టకుండా వదిలేసింది. మిద్దె పిట్టగోడ మీద సారుదే పొడవాటి నీడ, ముఖం దగ్గర రెండు చేతులతో ఎత్తిపట్టిన కెమెరా. జయకుమార్ ఈసారి చాలాసేపు చూశాడు. నీడ చొక్కా కాలరు ఒక పక్క లేచి ఉంది, ఒక మోచెయ్యి కొంచెం వంగి ఉంది. ఫోన్ను బెంచీ మీద, డెబోరా లేచిపోయిన చోట పెట్టాడు. దాని మీద ఇరవై రెండు ఉదయాలు, ఒకదాని పక్కన ఒకటి, పంపడానికి సిద్ధంగా ఉన్నాయి.