మూడో ఎగ్జామినరు

పోయిన మంగళవారం డాక్టరమ్మ మా ఏంజెలిన్‌కి వేసిన మార్కులు ఇరవై రెండు. ఈ మంగళవారం అదే ఆసుపత్రి, అవే ప్రశ్నలు, కొత్త డాక్టరు వేసినవి ఎనిమిది. మార్కులు ఎంత ఎక్కువైతే దిగులు జబ్బు అంత ఎక్కువని లెక్క. ‘మాత్రలు ఆపవచ్చు. సోమవారం డ్యూటీకి వెళ్ళవచ్చు’ అని కింద రాసేసినాడు.

డ్యూటీ కృష్ణపట్నంలో. నెల కిందట అక్కడే, పని దిగి ఇంటికి రాకుండా నా కూతురు నడుం లోతు సముద్రంలో నిలబడి ఉంటే చేపలవాళ్ళు చెయ్యి పట్టుకుని గట్టుకు తెచ్చినారు. మళ్ళీ అక్కడికే పంపాలా?

“ఏమడిగినాడు తల్లీ?” అన్నాను, బయట వరండాలో.

“నిద్ర పడుతోందా అన్నారు. దేవుని కృప, పడుతోంది అన్నాను. అన్నం తింటున్నావా అంటే, దేవుని కృప అన్నాను.”

మా ఇళ్ళలో ఎవరు పలకరించినా నోటికి ముందొచ్చే మాట అది. నా భార్య రెజీనా క్యాన్సర్‌తో పోయే రోజున కూడా పాస్టరుగారికి అదే చెప్పింది. పోయిన వారం డాక్టరమ్మ మాత్రం అక్కడితో వదల్లేదు. బిడ్డ చేతికి వదులైపోయిన వాచీ చూసి, “కృప సరేనమ్మా, నిన్న ఎన్ని గంటలు పడుకున్నావ్?” అని అడిగింది.

బిడ్డను వెంటబెట్టుకుని, తలుపు తోసుకుని కొత్త డాక్టరు గదిలోకి పోయి, ఇరవై రెండు ఎనిమిది ఎట్లయిందని అడిగినాను.

“పేషెంటు చెప్పిందే రాసినాం పెద్దాయనా. ఒక్కో డాక్టరు ఒక్కోలా వేస్తారు.”

“ముప్ఫయ్యేళ్ళు కామర్స్ చెప్పినాను సార్. ఇద్దరు దిద్దిన పేపర్లో ఇంత తేడా వస్తే మూడో ఎగ్జామినరుకు పంపేవాళ్ళం. బీకాం పేపరుకుండే విలువ నా బిడ్డకు లేదా?”

“ఇది పరీక్ష కాదండీ.”

“మరి మార్కులెందుకు వేసినారు?”

నా గొంతు అంత పైకి లేస్తుందని నాకే తెలియదు. వరండాలో జనం లేచి నిలబడినారు. నర్సు సుభాషిణి నన్ను బయటికి పొమ్మనలేదు. స్టూలు జరిపి ఏంజెలిన్‌ను కూర్చోబెట్టి, ఫ్యాను అటు తిప్పింది.

“మళ్ళీ అడగండి, నా ముందర” అన్నాను. “తల్లీ, ఈ ఒక్కసారికి కృప పక్కన పెట్టు. దేవుడేమీ అనుకోడు.”

డాక్టరు వాచీ చూసుకున్నాడు. “నిద్ర పడుతోందా?”

ఏంజెలిన్ సుభాషిణి చెయ్యి పట్టుకుంది.

“లేదండీ.”

“చనిపోవాలని...”

“రోజూ అనిపిస్తోందండీ.”

పెన్ను ఆగిపోయింది. డాక్టరు ఎనిమిదిని కొట్టేసినాడు. డ్యూటీ అన్న మాటనూ కొట్టేసి, “మాత్రలు ఆపొద్దు. పోయిన వారం చూసిన మేడమ్ గారు వార్డులో ఉన్నారు, ఇప్పుడే పిలిపిస్తాను” అన్నాడు, నా మొహం చూడకుండా.

ఆయనకు నేను థాంక్స్ చెప్పలేదు. సుభాషిణికి చెప్పినాను.