మా నీళ్ళ రంగు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. మా ఆయన పోయాక, మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. ఒక్కో వాక్యం రాయడానికి చాలాసేపు పడుతుంది.

ఆ మనవరాలే అమృత. రొద్దం పక్క మా పల్లెలో బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళందరికీ పళ్ళ మీద గోధుమరంగు చారలుంటాయి. బస్సులో ఎవరైనా నవ్వితే చాలు, మనవాళ్ళని గుర్తుపట్టి పలకరిస్తాం. అందులో సిగ్గుపడాల్సింది ఉందని మాకెప్పుడూ తోచలేదు.

అమృత ధర్మవరంలో పట్టుచీరల దుకాణంలో చేరింది. ఆ పనంటే దానికి ప్రాణం. అక్కడ అందరి పళ్ళూ తెల్లగా ఉండటంతో, పెదవులు మూసుకునే నవ్వేది. ఒకరోజు బేరం మధ్యలో ఏదో మాటకు నోరారా నవ్వేసింది. చీర చూస్తున్న సిద్ధమ్మ అనే ముసలామె సంబరపడిపోయింది.

"యా ఊరు పాపా నీది? మా పక్క నీళ్ళు తాగినట్టుండావే!" అంటూ తన పళ్ళు కూడా చూపించింది.

ఆమె ప్రేమగానే అడిగింది. దుకాణమంతా నవ్వింది. మర్నాటి నుంచి అమృత మాస్కు పెట్టుకుంది. యజమాని వేణుగోపాల్ కొన్నాళ్ళు చూసి, "మొగం కనపడకుంటే చీర ఎవురు కొంటారమ్మా? అది తీసేసి వస్తే రా, లేకుంటే మానుకో" అన్నాడు. అమృత పని మానేసి ఇంటికొచ్చేసింది.

పెరట్లో ఇటుక ముక్క నూరి, ఆ పొడితో చిగుళ్ళు నెత్తురు కారేదాకా తోముకుంటుంటే చూశాను. హిందూపురం పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను.

"మరక పైపైన లేదు, పన్నులోనే ఉంది. ఇట్లా తోమితే పన్నే అరిగిపోతుంది," అన్నాడాయన. "పళ్ళకి తెల్లటి తొడుగులు వేయొచ్చు. కానీ వాటికోసం మంచి పన్నునే అరగదీయాలి."

తిరుగు బస్సులో అమృత మాస్కు కాస్త కిందికి దించి నా వైపు తిరిగింది.

"నేను నోరు తెరిస్తే మట్టి తిన్నట్టుంటాది అవ్వా," అంది.

నేను పళ్ళు బయటపెట్టాను. "నావి చూడు, ఎట్లుండాయి?"

"బాగుండాయి. చూస్తే ఇంటికొచ్చినట్టుంటాది."

"రెండూ ఒకే రంగు గదే!"

"తెలుసు," అని మాస్కును కళ్ళ కిందిదాకా లాక్కుంది.

పెనుకొండలో దిగేసరికి ధర్మవరం బస్సు నిలబడి ఉంది. మళ్ళీ దుకాణానికి పొమ్మని, ఎక్కమని బతిమాలాను. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. అమృత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది గానీ ఎక్కలేదు. బస్సు వెళ్ళిపోయింది.

పాపమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు రొద్దంలో కూతురు మంజుల ఇంట్లో ఉంటున్నాను.