శనగల పొడి

మా బడి వంటగదిలో పల్లీ గింజ అడుగుపెట్టి నాలుగేళ్లయిందని నేను కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పేదాన్ని. ఆ మాట చెప్పుకోవడం అప్పట్లో ఎంత గొప్పగా ఉండేదో, ఇప్పుడు తలచుకుంటే అంత సిగ్గుగా ఉంది.

నేనక్కడ వంటమనిషిని. నూట నలభై మంది పిల్లల మధ్యాహ్న భోజనం నా చేతి మీదుగానే వెళ్తుంది. పిల్లలందరూ నన్ను అమ్మమ్మ అంటారు. టీచర్లు నా వెనకాల ఇంకేదో అంటారని తెలుసు, దానికి నేనేమీ బాధపడను. నాకు నోరెక్కువ. గరిటె పెట్టిన చోట గరిటె లేకపోతే ఒంటికాలి మీద లేస్తాను. కానీ శుభ్రంలో నన్ను వేలెత్తి చూపినవాళ్లు ఇరవై రెండేళ్లలో ఒక్కరూ లేరు.

పిచ్చుక మా బడికి వచ్చింది మూడేళ్ల వయసులో. రిజిస్టరులో ఆ పిల్లకు బారెడు పేరుంది. పళ్లెంలోవి ఒక్కొక్కటీ ముక్కుతో పొడిచినట్టు ఏరుకుని తినేదని నేనే పిచ్చుక అన్నాను, అదే స్థిరపడిపోయింది. చేర్పించిన రోజు వాళ్లమ్మ నేరుగా వంటగదిలోకి వచ్చింది. దర్జీ కొట్టులో పని చేసే మనిషి, మెడలో ఇంకా కొలత టేపు వేలాడుతూనే ఉంది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"పల్లీలు దానికి విషమండీ. చిటికెడు పొడి లోపలికి పోయినా గొంతు మూసుకుపోతుంది. ఒకసారి పోయి వచ్చింది. ఇంకోసారి నేను తట్టుకోలేను."

ఆ రోజే పల్లీలు, జీడిపప్పు, బాదం, పిస్తా అని పెద్దక్షరాలతో కాగితం రాయించి గోడకు అంటించాను. పైన పిచ్చుక ఫొటో. ఇంటి నుంచి ఎవరూ ఏ తిండీ వంటగదిలోకి తేకూడదని కింద నేనే ఒక వాక్యం చేర్చాను. ఆఫీసు గది గుమ్మం పక్కన పసుపు పెట్టెలో పెన్నులాంటి ఇంజెక్షన్లు రెండు పెట్టారు. అవి తొడకు ఎలా గుచ్చాలో, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఎలా అదిమి పట్టుకోవాలో మా అందరికీ నేర్పారు.

నేను పిచ్చుకకు మూడు ప్రశ్నలు నేర్పాను. ఎవరేం పెట్టినా ముందు అడగాలి. ఎవరు చేశారు? ఏం వేశారు? చేతులు కడుక్కున్నారా? మూడింటికీ జవాబొస్తేనే నోట్లో పెట్టుకోవాలి. లేకపోతే పళ్లేన్ని ఒక్క వేలితో పక్కకు నెట్టేయాలి. చెవినిల్లు కట్టుకుని పోరి నేర్పాను. తర్వాత అది మా ఇద్దరికీ ఆటైపోయింది. ఆపిల్ ముక్క చేతికిస్తే నడుం మీద చెయ్యి పెట్టుకుని మొదలుపెట్టేది.

"ఎవరు చేశారు?"

"దేవుడు."

"ఏం వేశాడు?"

"ఎండ వేశాడు, కాసిన్ని నీళ్లు పోశాడు."

"చేతులు కడుక్కున్నాడా?"

"నిన్న అంత వాన పడితే కడుక్కోకుండా ఉంటాడటే?"

అప్పుడు కిచకిచమని నవ్వి తినేది. నాలుగేళ్లు రోజూ అదే హాస్యం, రోజూ అదే నవ్వు. నాకు సొంత మనవలు లేరు. ఆ నవ్వు కోసమే ఆపిల్ కోసేదాన్నని ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

నా దగ్గర చేసే సహాయకురాలు మోకాళ్ల నొప్పులతో మానేస్తే, ఆమె స్థానంలో కొత్తావిడ వచ్చింది. నా ఈడుదే. వేరే ఊళ్లో ఉండి, కూతురి దగ్గరికి వచ్చేసిందట. క్యారెట్ చెక్కు తీయడానికి అవతలివాళ్లు పెళ్లికి ముస్తాబైనంత సేపు తీసుకునేది. మొదటి రోజే "నువ్వు నత్తకి మేనత్తవా ఏంటమ్మా" అన్నాను. రెండో రోజు నుంచి నిదానం అని పిలిచాను. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఆ మొదటి రోజే ఇంకోటి జరిగింది. ఆవిడ గోడ మీది కాగితం ముందు నిలబడి, వేలు పెట్టి చూపిస్తూ ఏదో అడగబోయింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. "తెలుగేగా రాసింది? చదువుకుని పనిలోకి రా" అని కసిరాను. ఆవిడ వేలు దించుకుంది. ఆ తర్వాత నన్ను ఏదీ అడగలేదు. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను.

పదకొండో రోజు సామాన్ల బండి రాలేదు. మర్నాడు కూరగాయల సూప్. అది చిక్కబడటానికి నేను ఎప్పుడూ వేయించిన శనగల పొడి కలుపుతాను. డబ్బా అడుగున చెంచాడు కూడా లేదు. ఆవిడ ఇంటికి బయల్దేరుతుంటే అన్నాను.

"నిదానం, ఇంట్లో శనగలున్నాయా?"

"ఎందుకు లేవండీ, ఎప్పుడూ ఉంటాయి."

"వేయించి, మెత్తగా పొడి కొట్టి రేపు తీసుకురా. ఒక్క రోజుకేగా."

ఇంటి నుంచి ఏదీ తేకూడదని రాసింది నేనే, తెమ్మన్నది కూడా నేనే. నేను చెప్తే తప్పు కాదనుకున్నాను కాబోలు.

మర్నాడు నాకు జలుబు చేసి ముక్కు మూసుకుపోయింది. సూప్ ఉడుకుతుండగా సామాన్ల బండి వచ్చింది. నిన్న ఎందుకు రాలేదని పెరటి గుమ్మంలో డ్రైవరుతో పోట్లాట పెట్టుకున్నాను. పావుగంట నోరు నొప్పెట్టేలా కడిగేశాను. నేను లోపలికొచ్చేసరికి నిదానం పొడి కలిపేసి, గరిటె తిప్పుతూ ఉంది. రుచి చూశాను. జలుబుతో ఏ రుచీ తెలియలేదు. ఉప్పు సరిపోయిందా అని ఆవిడనే అడిగాను.

పిచ్చుక వరుసలో ఎప్పటిలాగే చివర నిలబడింది. గిన్నెలో సూప్ పోయగానే నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఎవరు చేశారు?"

"ఇంకెవరు, నేనే."

"ఏం వేశారు?"

"క్యారెట్టు, బంగాళదుంప, శనగల పొడి."

"చేతులు కడుక్కున్నారా?"

"కడుక్కున్నానే తల్లీ, జరుగు, నాకింకా అంట్లున్నాయి."

కిచకిచమని నవ్వలేదు. ఆ రోజు ఆపిల్ ఆట లేదు కదా. గిన్నె రెండు చేతులతో పట్టుకుని వెళ్లి కూర్చుంది.

నాలుగు చెంచాలు తాగి ఉంటుంది. "అమ్మమ్మా, నాలుక దురదగా ఉంది" అంది. తిరిగి చూసేసరికి పెదవులు ఉబ్బాయి, మెడంతా దద్దుర్లు లేచాయి. ఊపిరి తీస్తుంటే సన్నగా ఈల వినిపించింది. ఇరవై రెండేళ్లుగా అందరి మీదా అరిచిన నోరు పెగల్లేదు. పసుపు పెట్టె తెచ్చిందీ, తొడకు ఇంజెక్షన్ గుచ్చిందీ వాళ్ల క్లాసు టీచరే. పది అంకెలు మాత్రం నేను లెక్కపెట్టాను. ఆరు దగ్గర పిచ్చుక నా కొంగు పట్టుకుంది. అంబులెన్స్ ఎక్కించేటప్పుడు ఆ వేళ్లు విడదీయాల్సి వచ్చింది.

సాయంత్రం హెడ్మాస్టరు గారి గదిలో నన్నూ నిదానాన్నీ నిలబెట్టారు. మిగిలిన పొడి డబ్బా బల్ల మీద ఉంది. ఆయన మూత తీశారు. చూడగానే నాకు అర్థమైంది. గోధుమరంగులో, నూనె కక్కి ముద్దకట్టి ఉంది. శనగల పొడి ఇసకలా జారుతుంది, అలా ముద్దకట్టదు.

"ఇవి శనగలా?" అన్నాను.

"మా ఊళ్లో శనగలంటే ఇవేనండీ, వేరుశనగలు," అంది నిదానం. "మీరు శనగలనే వాటిని మేం పప్పుశనగలంటాం."

"గోడ మీద పల్లీలని అంత పెద్దగా రాసి ఉందిగా!" అన్నారు హెడ్మాస్టరు గారు.

"పల్లీలంటే ఇవేనని తెలీదండీ. బాదం, పిస్తాల పక్కన రాశారు. అలాంటివే ఏవో డబ్బున్నవాళ్లు తినే గింజలనుకున్నాను. మొదటి రోజే అడుగుదామని..."

అక్కడ ఆగి నా వైపు చూసింది. మిగతాది చెప్పలేదు. చెప్తే బాగుండేది, నేను చెప్పాల్సిన అవసరం తప్పేది. నేను కూడా చెప్పలేదు.

"సూప్‌లో పొడి ఎవరు వేశారు?" అని అడిగారాయన.

"ఆవిడే," అన్నాను. అది నిజమే. ఎవరు తెమ్మన్నారని అడిగితే నేనే తెమ్మన్నానని కూడా చెప్పాను. పిల్ల నన్నేం అడిగిందో, నేనేం చెప్పానో మాత్రం ఎవరూ అడగలేదు.

నాకు హెచ్చరిక కాగితం ఇచ్చి పనిలో ఉంచారు. నిదానాన్ని పంపించేశారు. ఆవిడ పోతూ పోతూ ఏప్రన్ ఉతికి, పిండి, తీగ మీద ముడతలు లేకుండా ఆరేసింది. అంత కంగారులోనూ ఆవిడ నిదానంగానే చేసింది. నేను పక్కనే గిన్నెలు తోముతూ తలెత్తలేదు. "వెళ్లొస్తానండీ" అంటే "ఊఁ" అన్నాను. అంతే అన్నాను.

పిచ్చుక గొంతులో రెండు రోజులు గొట్టం ఉంచారు. అది తీశాక నేను ఆసుపత్రికి వెళ్తే వాళ్లమ్మ వరండాలోకి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టమని మనసులో మొక్కుకున్నాను. "అమ్మమ్మ చేసిందనే తాగానమ్మా అంటోంది," అని మాత్రం అంది. లోపలికి రమ్మనలేదు.

మూడు వారాల తర్వాత పిచ్చుక బడికి వచ్చింది. ఇప్పుడు ఇంటి నుంచే డబ్బా తెచ్చుకుంటుంది. మూత చుట్టూ టేపు, దాని మీద వాళ్లమ్మ సంతకం. కిటికీ పక్కన విడిగా ఒక బల్ల వేశారు. నేను ఆ డబ్బాను ముట్టుకోకూడదు.

నాలుగు రోజులు దూరం నుంచి చూశాను. ఐదో రోజు ఉండబట్టలేకపోయాను. చేతులు రెండుసార్లు కడుక్కుని, ఆపిల్ తొక్క తీసి, ముక్కలు కోసి పళ్లెంలో పెట్టి తీసుకెళ్లాను. పక్కన కూర్చున్నాను. ఆ పిల్ల ఆపిల్ వైపు చూసింది, నా వైపు చూసింది. నడుం మీదకు చెయ్యి పోలేదు.

"అడగవే," అన్నాను. "ఎవరు చేశారని అడుగు."

"వద్దులే అమ్మమ్మా."

"ఎందుకే?"

"నువ్వు అబద్ధం చెప్పవు కదా. నీకే తెలియకుండా ఏదైనా పడిందనుకో, అడిగినా ఏం లాభం?"

ఏడేళ్ల పిల్ల. నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని వెతుక్కుని మరీ చెప్పింది. అబద్ధం చెప్పవు కదా అన్న మాటను మింగలేకపోయాను.

"చెప్పానే," అన్నాను. "ఆ రోజు ఎవరు చేశారంటే నేనే అన్నాను. పొడి కలిపినప్పుడు నేనక్కడ లేను. బయట పోట్లాడుతున్నాను. ఆ ఆంటీ కలిపింది, నేను చూడలేదు."



"మరి ఏం వేశారంటే?"

"నాకు తెలిసింది చెప్పాను. అది తప్పు."

"చేతులు?"

"కడుక్కున్నాను. అది మాత్రం నిజం."

వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుంది.

"అయితే మూడింటికి ఒకటే కరెక్టు," అంది. కోపం లేదు. క్లాసులో పక్క పిల్ల పలక చూసి మార్కులు వేసినట్టు అంది. తర్వాత నేను నేర్పినట్టే, ఒక్క వేలితో, ఆపిల్ పళ్లేన్ని నా వైపు నెట్టింది.

టేపు గట్టిగా అంటుకుపోయి డబ్బా మూత రావడం లేదు. గోళ్లతో గీకుతోంది. నా చేతులు ముందుకు పోబోతే వెనక్కి తీసుకుని, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తినడం అయిపోయాక టీచరు వచ్చి క్లాసుకు తీసుకెళ్లింది. ఆపిల్ ముక్కలు అప్పటికే రంగు మారాయి. వాటిని చెత్తబుట్టలో వేసి, పళ్లెం కడిగాను. తర్వాత ఆఫీసు గదికి వెళ్లి నిదానం ఇల్లెక్కడో అడిగాను.