కిటికీలో కోడలి నీలం

తెల్లవారినప్పటి నుంచి మబ్బు ఊరి మీద మూత పెట్టినట్టు కదలకుండా ఉంది. చర్చిలో మామగారు నేల మీద తెల్లగుడ్డ పరిచి ఎండ కోసం ఎదురుచూస్తున్నారు. ఏ అద్దం రంగునైనా ఆయన కిటికీలో చూసి ఒప్పుకోరు, అది గుడ్డ మీద పడాల్సిందే.

ఆ రంగుటద్దాల కిటికీ ఆయన తండ్రి చేసింది. గోడకు సున్నం వేస్తూ మామగారి కొడుకు నిచ్చెన జార్చి, అందులో ఒక నీలం ముక్క పగలగొట్టాడు. అప్పటి నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు; ఇవాళ కూడా కొడుకు లోపలికి రాకుండా చర్చి మెట్ల మీదే కూర్చున్నాడు. కుండలకు గాజుపూత పూసే ఇంట్లో పుట్టిన కోడలు, పట్టుబట్టి కొత్త ముక్క చేసి బిగించింది. రంగు కలవకపోతే ఇంట్లో ఆ మౌనం ఇంకెన్నాళ్లో అని ఆమె మాటిమాటికీ మబ్బుకేసి చూస్తోంది.

"ఈ ఎండ కూడా మీ పుట్టింటివాళ్లలాగే, పిలిచిన వేళకి రాదు," అన్నారు మామగారు.

"వస్తే మాత్రం ఓ పట్టాన కదలదు లెండి, మామయ్యా."

మబ్బు విడింది. గుడ్డ నిండా నీలం పరుచుకుంది. ఆయన వంగి, ఆ రంగులో అరచెయ్యి ఈ చివర నుంచి ఆ చివరకు జరిపారు. మళ్లీ జరిపారు.

"ఇందులో నీది ఏదమ్మా?"

కోడలికి ప్రాణం లేచొచ్చింది. వేలితో చూపించింది. ఆయన చాలాసేపు చూసి గుడ్డ మడతపెట్టారు.

"మెట్ల మీద కూర్చున్న ఆ మహానుభావుణ్ణి రమ్మను. క్యారియర్ చల్లారిపోతోంది."

వెనక గదిలో బల్ల చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. ఆయన మొదటి గిన్నె కొడుకు ముందుకు జరిపారు. అందరూ కడుపునిండా తిన్నారు.